ఎలుకని తొయ్యకూడదు

“నేనెప్పుడు కొట్టాను? నువ్వే తలుపుకి గుద్దుకున్నావు. నీ మతిమరుపు తగలెయ్య!”

ఆమె పగిలిన గ్లాసు ముక్కలు ఊడుస్తోంది. జుట్టు పట్టుకుని తలుపుకేసి బాదిన మొగుడు తాపీగా కాఫీ తాగుతున్నాడు, మహానుభావుడు! ఆమె కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారుతోంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. అతను బాదడం, ఆ తర్వాత కాదని దబాయించడం, తనకే మతి పోయిందేమోనని ఆమె కుమిలిపోవడం. ఆ దిగులుకే డాక్టరు బిళ్ళలు రాశాడు. అవి వేసుకుంటున్నప్పటి నుంచి ఏ దెబ్బ ఎందుకు పడిందో పూసగుచ్చినట్టు గుర్తొస్తోంది. గుర్తొచ్చినవి పైకి అనడమే ఆమె చేసిన నేరం.

“ఈ దిక్కుమాలిన బిళ్ళలే నీకు లేనిపోనివి ఎక్కిస్తున్నాయి!” అతను సీసా సింకులో బోర్లించి నీళ్ళు వదిలాడు. అడ్డం వెళ్తే మణికట్టు మెలిపెట్టాడు.

“నెత్తురు కింద పడుతోంది. ఎండితే వదలదు, తుడిచెయ్యమ్మా,” అంది అత్తగారు.

తుడిచి, పనికి వెళ్ళింది. ఆమె పని మందుల ప్రయోగశాలలో. తను వేసుకునే బిళ్ళల్లాంటి మందే ఎలుకలకి పట్టించి, జ్ఞాపకం ఎలా ఉందో చూస్తారు. పెట్టెలో ఒక పక్క వెలుతురు అర, ఒక పక్క చీకటి అర. ఎలుకకి చీకటంటే ప్రాణం. నిన్న చీకట్లోకి వెళ్ళినవాటికి కాళ్ళకింద కరెంటు కొట్టింది. రోజూ హింసపెట్టి కుంగదీసిన ఎలుకల్లో మందు పడనివి ఇవాళ అంతా మరిచి మళ్ళీ అక్కడికే దూరాయి. మందు పడ్డ ఎలుక మాత్రం వెలుతుర్లోనే గోడకి అతుక్కుపోయింది. పని తెమలడం లేదని ఆమె దాన్ని వేలితో ముందుకి నెట్టింది.

“తొయ్యకమ్మా!” పెద్ద మేడమ్ కేకేసింది. “దానికి గుర్తుంది. గుర్తున్నదాన్ని తొయ్యకూడదు.” అంతలో ఆమె మొహం చూసింది. “ఆ కన్నేమిటి?”

“తలుపుకి...” అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. “కాదు మేడమ్. మా ఆయన కొట్టాడు.”

సాయంత్రం ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల దీపం వెయ్యలేదు. అతని చేతిలో బెల్టు ఉంది.

“ఇంతసేపూ ఎక్కడ ఊరేగావే? లోపలికి తగలడు!”

ఆమె గడప బయటే, లైటు కింద నిలబడిపోయింది. అత్తగారు బయటికొచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టింది.

“పదమ్మా, నాలుగు తగిలించాక వాడే చల్లబడతాడు.”

ఆమె రెండు చేతులతో గుమ్మం పట్టుకుని బిగుసుకుంది.

“తొయ్యకండి అత్తయ్యా,” అంది. “నాకు గుర్తుంది.”