తిరిగి వచ్చిన తేదీ

తిరిగి పనిలోకి వచ్చిన తేదీలోంచి గాయపడిన తేదీని తీసేస్తే రెండు రోజులు తేలింది. రెండు దాటితేనే ప్రమాదం కింద లెక్క. బుధవారం ఉదయం కంప్యూటర్ తెర మీద ‘ఈ నెల ప్రమాదాలు’ అన్న గడిలో సున్నా ఆకుపచ్చగా అలాగే నిలబడింది. కమలకుమారి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

అలా లెక్కకట్టమని కంప్యూటర్‌లో రాసిపెట్టింది ఆమే. భర్త పోయాక తుని నుంచి వచ్చి, లాలాపేట్‌లో కంప్యూటర్ నేర్చుకుని, నాచారంలోని ఈ రేకుడబ్బాల ఫ్యాక్టరీలో చేరి పద్దెనిమిదేళ్లు. ఉప్పల్ డిపో వెనక ఒంటిగది, మంచాన పడిన అత్తగారు, పొద్దున్నే షేర్ ఆటో. పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే మడమలు నేలకు ఆనవు. ఆఫీసులో ఆమెను అంకెలు తప్ప ఇంకేదీ ఎవరూ అడగరు.

సోమవారం సాయంత్రం ప్రెస్ మిషన్ కింద కొమురెల్లి ఎడమచెయ్యి నలిగింది. గురువారం, డబ్బాలు కొనబోయే పెద్ద కంపెనీ వాళ్ల భద్రతా ఆడిట్. అప్పటికీ అతను రాకపోతే రోజులు మూడవుతాయి, సున్నా ఒకటవుతుంది, వాళ్ల ఆర్డరు చేజారుతుంది. అందుకే మేనేజర్ రామ్మోహనరావు ఇవాళ పొద్దున్నే కారు పంపి అతన్ని ఇంటినుంచి రప్పించాడు. పనేమీ చెప్పలేదు. గేటు పక్క సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి హాజరు వేయించాడు. తిరిగి వచ్చిన తేదీ నింపింది కమలకుమారే.

మధ్యాహ్నం ఆమె ఆ గదికి వెళ్లింది. కొమురెల్లికి ముప్పై దాటవు. పెదవులు ఎండి పొలుసులు కట్టాయి, ఒళ్లో నీళ్ల సీసా. కట్టు పైన ముంజేయి మోచేతిదాకా ఉబ్బి నిగనిగలాడుతోంది. ఒళ్లంతా వణుకు.

“అక్కా, జర ఇంటికి తోలియ్యమని సార్‌కు చెప్పున్రి,” అన్నాడు. “కూసోనస్తలేదు.”

“చెప్తాను తమ్ముడూ.”

చెప్పింది. ఇంటికి కాదు, ఆసుపత్రికే పంపాలని కూడా అంది. రామ్మోహనరావు విసుక్కోలేదు. మధ్యలో వెళ్తే హాజరు చెల్లదనీ, షిఫ్టు అవగానే తానే పంపిస్తాననీ అన్నాడు. ఇంకోసారి అడగాలనుకుంది. ఈ వయసులో తనను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారని భయపడి మానుకుంది. తన చోటికి తిరిగొచ్చి పెరుగన్నం రెండు ముద్దలు తిని, మిగిలింది పారబోసింది.

నాలుగింటికి, గేటు దగ్గర కాపలా ఉండే శాంతాబాయి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“గా పిలగాడు లేపితే లేస్తలేడమ్మా.”

ఆటోలో తీసుకెళ్లారు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయిందని కాసేపటికి ఫోను వచ్చింది.

కమలకుమారి తిరిగి వచ్చిన తేదీని చెరిపేసింది. సున్నా కదల్లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే ఇవాళ్టి వరకూ లెక్కపెట్టమని ఆమే రాసింది, ఇవాళ్టికి రెండే. చనిపోయినవాణ్ణి లెక్కపెట్టమని ఎక్కడా రాయలేదు. లెక్కలోని షరతు తెరిచి, ‘రెండు దాటితే’ అన్నచోట ‘రెండు’ తీసి ‘సున్నా’ పెట్టింది. తెర మీద ఒకటి ఎర్రగా వెలిగింది.

రామ్మోహనరావు ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు.

“అది మళ్లీ పాతలాగే పెట్టండి కమలగారూ. ఇంటినుంచి వచ్చేటప్పటికే జబ్బుతో ఉన్నాడని రాద్దాం.”

“నేను పెట్టనండీ,” అంది.

ఆయన చూస్తుండగానే రిపోర్టు ఆడిటర్లకు పంపేసింది. పద్దెనిమిదేళ్లలో ఆయన మాట కాదనడం అదే మొదలు. మధ్యాహ్నమే అనవలసిన మాట. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి, ఏడవడానికి కూడా మొహం చెల్లక సంచి తీసుకుని బయటికి నడిచింది. రేపటినుంచి రావద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు.

సెక్యూరిటీ గది తలుపు తీసే ఉంది. కుర్చీ కింద కొమురెల్లి నీళ్ల సీసా పడి ఉంది. ఒంటిచేతికి తిరగని ప్లాస్టిక్ మూత నిండా పంటిగాట్లు; సీసాలో నీళ్లు నిండుగా ఉన్నాయి.