అత్తగారి నిద్రతో తూచిన కూలర్

ఆ ఇంటి కోడలు పుస్తకాలు చదివి బతికేది. చూపు లేనివాళ్ళ కోసం మైకు ముందు కూర్చుని పైకి చదివితే, ఆ గొంతు రికార్డయి, వినాలనుకున్న వాళ్ళందరికీ చేరేది. వెనక గదిలో కిటికీకి మూడు దుప్పట్లు కట్టి, తలుపు కింది సందులో పాత తువ్వాలు కుక్కి చదివేది. బయటి మోత అలా ఆగింది గానీ, లోపలి మోతను ఏం పెట్టి కుక్కుతాం? బల్ల కింద కంప్యూటర్ పెట్టె ఉంది కదా, మోతంతా దానిదే.

ఆ పెట్టెలో ప్రాసెసర్ అని అగ్గిపెట్టెంత బిళ్ల ఉంటుంది. లెక్కలన్నీ అదే చేస్తుంది, చేసి చేసి ఒళ్ళు కాలిపోతుంది. ఆ వేడి లాగడానికి రాగి గొట్టాలు, రేకులు, వాటికి విసరడానికి ఒక ఫ్యాను, అన్నీ కలిపి దాని నెత్తిన కూర్చోబెడతారు. దాన్నే కూలర్ అంటారు. ఈ ఇంటి కూలర్ ముసలిదై గొంతు పోయింది. కోడలు ఎంత చక్కగా చదివినా వెనకాల ఎవరో గరగరమని పుక్కిలిస్తున్నట్టు వినిపించేది. రికార్డింగు సంస్థవాళ్ళు రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి అక్కడ వినే ఉద్యోగం చేసే ఆవిడే ఫోన్ చేసింది.

"శుక్రవారం మీ ఇంటికే వస్తానమ్మా. ఒక అధ్యాయం వింటాను. ఫ్యాను వినపడిందా, ఈ పుస్తకం ఇంకో గొంతుకి ఇచ్చేస్తాం. మరేం అనుకోకు."

అనుకోకపోవడం ఎలా? రైలింజను నడిపే మొగుడు వారానికి ఐదు రోజులు పట్టాల మీదే ఉంటాడు. ఆ మైకు ముందు కూర్చున్న కాసేపే కోడలు తన మనిషిగా ఉండేది. ఆ పని పోతే ఇంట్లో ఆవిడ గొంతుకి 'కూరలోకి ఉప్పు చాలిందా' అన్నమాట తప్ప వేరే పని లేదు.

సరే, కొత్త కూలర్ కొనుక్కుంటే తీరిపోయేది. కానీ కోడలు పప్పులో కాలేసింది. "ఏది కొనమంటారు మామయ్యగారూ?" అని అడిగింది.

మామగారు తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి దిగారు. దిగింది ఉద్యోగంలోంచే, అలవాటులోంచి కాదు. ఆ ఇంట్లో గరిటెకి ముద్ర, బకెట్టుకి ముద్ర, తలగడకి కూడా దూది బరువు రాసిన చీటీ. కోడలు కాపురానికి వచ్చిన రోజునే గుమ్మం పక్కన నిలబెట్టి, ఆవిడ ఎత్తు గోడ మీద గీసి, తారీఖు వేసి సంతకం పెట్టారు. అట్ట మీద రాసింది ఏదీ నమ్మని మనిషి. తాను వేసిన ముద్ర ఒక్కటీ ఇంతవరకూ రద్దు కాలేదని ఆయనకి గొప్ప.

"మూడు రకాలు తెప్పించు. పరీక్షించి చెబుతా" అన్నారు.

వీధి మలుపులో కంప్యూటర్లు బిగించే మెకానిక్ మూడు డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చింది. నోట్లో ఎప్పుడూ రెండు మరలు పట్టుకుని వాటి పక్కనుంచి మాట్లాడే పిల్ల.

"గురువారం దాకా ఉంచుకోండి బాబాయ్‌గారూ. ఇది జంట మేడ. రెండు వరసల రేకులు, రెండు పెద్ద ఫ్యాన్లు. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా గాలి బాగా తోలుతుంది, అందుకే నోరు లేనిది. ఇది ఒంటి మేడ, మధ్యరకం. ఇదిగో ఇది మరుగుజ్జు. చిన్న ఫ్యాను కదా, గిరగిరా తిరిగితే గానీ దానికి పని జరగదు. నన్నడిగితే పెద్దదే పెట్టుకో అక్కా."

"నిన్నడగలేదు" అన్నారు మామగారు, ఇత్తడి గుళ్ళ పెట్టె తెరుస్తూ.

జంట మేడని డబ్బాలోంచి తీసి తక్కెడలో పెట్టారు. అట్ట మీద పదమూడు వందల గ్రాములని రాసుంది. తక్కెడ పన్నెండు వందల ఎనభై ఐదు దగ్గర ఆగింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. పదిహేను గ్రాములు తక్కువ.

"దొంగ!" అన్నారు కూలర్‌ని చూసి.

"బరువుతో పనేముంది మామయ్యగారూ, చప్పుడు చెయ్యకపోతే చాలు కదా" అంది కోడలు.

"బరువులో అబద్ధమాడింది చప్పుడులో నిజం చెబుతుందా?" అంటూ దాన్ని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, లక్క పోసి, 'స్వాధీనం' అని చీటీ అంటించి బీరువా మీద పెట్టారు. కోడలు ఆ సంచీ వంక, పెళ్ళివారు ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతుంటే చూసినట్టు చూసింది.

మిగతా రెండూ బరువు సరిపోయాయి. ఇక చప్పుడు కొలవాలి. అట్టల మీద డెసిబెళ్ళని ఏవో రాశారు. ఆయన పెట్టెలో డెసిబెల్ గుండు లేదు.

"ఫోన్లో కొలిచేది ఉంటుంది బాబాయ్‌గారూ" అంది మెకానిక్.

"దానికి ముద్ర ఉందా?"

"ఫోనుకి ముద్రేంటండీ?"

"అయితే నోరు మూసుకో."

ఆయన ఇల్లంతా కలయజూశారు. చూపు వెళ్ళి, కిటికీ దగ్గర చొక్కాకి గుండీ కుడుతున్న అత్తగారి మీద ఆగింది.

అత్తగారి నిద్ర గురించి చెప్పాలంటే, చీమ తుమ్మితే లేచి కూర్చునే మనిషి. పక్క వీధిలో దుప్పటి దులిపితే "ఎవరదీ?" అంటుంది. ఇరవై ఏళ్ళుగా కంటినిండా నిద్రపోయిన పాపాన పోలేదు. ఇంతకన్నా సున్నితమైన సాధనం ప్రభుత్వం దగ్గర కూడా లేదని మామగారు తీర్మానించారు. కూలర్ పక్కన ఆవిడని పడుకోబెట్టాలి. లేస్తే చప్పుడున్నట్టు. లేవకపోతే నిశ్శబ్దం.

"నన్ను తక్కెడ చేస్తారా? మీకు మతి గానీ పోయిందా?" అంది అత్తగారు.

"పట్టపగలు పడుకోమంటున్నాను, పని చెయ్యమనట్లేదు" అన్నారాయన.

అది విన్నాక అత్తగారు గుండీ పక్కన పెట్టేసింది.

మంగళవారం ఒంటి మేడ బిగించారు. బల్ల పక్కనే మంచం వేశారు. తొమ్మిదో నిమిషంలో ఆవిడ దిగ్గున లేచింది. "ఎవరో గోళ్ళు కత్తిరించుకుంటున్నారే!" అంది. కోడలు చెవి ఆనించి వింటే నిజమే, ఫ్యాను చుట్టు తిరిగినప్పుడల్లా టిక్కుమంటోంది. మామగారు దాన్ని కొట్టేశారు. అప్పటికి కోడలికి కూడా ఈ సాధనం మీద కొంచెం నమ్మకం కుదిరింది.

బుధవారం మరుగుజ్జు వంతు. మెకానిక్ బిళ్ల మీద వేడి లాగడానికి రాసే పాత పేస్టు తుడిచి, కొత్తది పూసి, "నా జన్మంతా తుడవడం, పూయడమే అయింది" అని గొణుక్కుంటూ మరలు బిగించింది. స్విచ్చి వేయగానే సీసాలో తుమ్మెదని పెట్టి బిరడా వేసినట్టు జుమ్మ్‌మని మొదలయింది.

"మోగుతోంది కదండీ!" అంది కోడలు.

"చెవి సాక్ష్యం చెల్లదు. సాధనం చెప్పాలి."

సాధనం మంచం మీద వాలింది. ఒక పక్కకి తిరిగింది. ఆవులించింది. అంతే. అరగంటయింది, గంటయింది. మామగారు తలగడ దగ్గర చిటిక వేశారు. చెంచా కింద పడేశారు. మెకానిక్ నోట్లోంచి మర జారి గచ్చు మీద ఖంగుమంది. అత్తగారు గుర్రు పెడుతూనే ఉంది. రెండున్నర గంటల తర్వాత లేచి, బుగ్గ మీద దిండు ముడతతో, "ఏ ఊళ్ళో ఉన్నాం?" అని అడిగింది.

మామగారు మరుగుజ్జు మీద ముద్ర గుద్దారు. కింద 'చప్పుడు: సున్నా' అని రాసి సంతకం చేశారు.

సాయంత్రం కోడలు రెండు పేజీలు చదివి విన్నది. పుస్తకం దీపస్తంభం కాపలావాడి గురించి, అతని మేక గురించి. సముద్రం మధ్యలో ఒంటరిగా ఉన్నాడని చదువుతుంటే, పక్కన తేనెపట్టు ఉన్నట్టు వినిపించింది. ఏడుపొక్కటే తక్కువగా అది తీసుకెళ్ళి మామగారికి వినిపించింది. ఆయన వెంటనే అత్తగారిని పిలిచి, ఆ రికార్డింగు పెట్టి కూర్చోబెట్టారు. ఆవిడ కుర్చీలోనే తల వాల్చేసింది.

"చూశావా? ఏమీ లేదు."

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఒక కిరాణా కొట్టతను గెలవబోయి కొట్టే ఎత్తేశాడు. కోడలు మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఆలోచించింది. తెల్లారేసరికి ఒక సంగతి తట్టింది. ఆయన మాట ఆయనకే అప్పజెప్పాలి.

"మామయ్యగారూ, తూచేముందు ఖాళీ తక్కెడ చూడాలంటారు కదా?" అంది గురువారం పొద్దున్నే, నీళ్ళ గ్లాసు అందిస్తూ.

"చూడాలి. ఖాళీ తక్కెడ సున్నా చూపకపోతే అది తక్కెడే కాదు."

"మరి అత్తయ్యని ఖాళీగా చూశామా?"

గ్లాసు ఆయన పెదవి దగ్గరే ఆగిపోయింది.

కంప్యూటర్ పూర్తిగా ఆపేశారు. గోడ గడియారం తీసి పెరట్లో పెట్టారు. కొళాయికి గుడ్డ చుట్టారు. అత్తగారిని పడుకోబెట్టి, ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మూడో ఆసామి మెకానిక్. కూలర్లు తీసుకుపోదామని వచ్చి ఇరుక్కుపోయింది. అత్తగారు ఇటు దొర్లింది, అటు దొర్లింది. దుప్పటి తన్నింది. ఏడో నిమిషంలో లేచి కూర్చుని మొగుణ్ణి కసురుకుంది.

"ఆపేశారేం దాన్ని? పెట్టండి! ఇరవై ఏళ్ళకి కాస్త జోకొట్టే దిక్కు దొరికితే మీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారా?"

మామగారు మంచం కోడు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. నిశ్శబ్దంలో లేచి, మోతలో నిద్రపోయే మనిషి! తక్కెడ తలకిందులుగా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆయన ముద్ర తప్పు.

"ఇంకో మాట బాబాయ్‌గారూ, తిట్టనంటే చెబుతా" అంది మెకానిక్. "ఆ పెద్దదాన్ని తూచినప్పుడు బిగించే పట్టీ, దాని నాలుగు మరలు కలిపే తూచారా?"

"ఎక్కడున్నాయవి?"

"డబ్బా అడుగున. దీనికొక్కదానికే విడిగా వస్తాయి. తీసి చూడలేదా?"

లక్క పగలగొట్టారు. కూలర్‌తో పాటు పట్టీ, మరలు కూడా తక్కెడలో పెట్టారు. ముల్లు పదమూడు వందల దగ్గర నిటారుగా నిలబడింది, వెంట్రుక కూడా అటూ ఇటూ లేదు. మామగారు ఆ కూలర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఆయన బల్ల దగ్గర కూర్చుని తన పేరిట తానే ఒక నోటీసు రాసుకున్నారు. 'నిర్దోషి అయిన వస్తువును నిర్బంధించినందుకును, పరీక్షించని సాధనముతో కొలిచినందుకును ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను' అని రాసి, అందినట్టు తానే సంతకం పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"అంత అవసరమా మామయ్యగారూ?" అంది కోడలు.

"కిరాణా కొట్టతనికి రాశాను కదమ్మా" అన్నారు నెమ్మదిగా.

జంట మేడ బిగించారు. పెట్టె తలుపు రెండు మిల్లీమీటర్ల సందుతో మూసుకుంది. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో వంగి చూడాల్సి వచ్చింది. మరుగుజ్జుని మెకానిక్ ఒక చెక్కకి తగిలించి, తీగ లాగి, అత్తగారి తలగడ పక్కన పెడతానంది గానీ, దానికి రేపటిదాకా ఆగాలంది. అందుకని ఆ మధ్యాహ్నం కోడలు చదవడానికి కూర్చోగానే, నిద్ర పట్టని అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది.

"నీ దగ్గర కూర్చుంటానే. నోరు మెదపను, ఒట్టు."

కోడలు ఇన్నేళ్ళూ దుప్పట్లకే చదివింది. ఆ రోజు ఎదురుగా ఒక ముఖం ఉంది. కాపలావాడు భయపడితే ఆ ముఖం బిగుసుకుంది, మేక గెంతితే విచ్చుకుంది. కోడలు మైకు సంగతే మరిచిపోయి ఆ ముఖానికే చదివింది.

శుక్రవారం వినే ఆవిడ వచ్చింది. పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నిన్న చదివిన అధ్యాయం పెట్టించుకుని కళ్ళు మూసుకుంది. మామగారు గుమ్మంలో, అత్తగారు ఆయన వెనక, కోడలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి ఆవిడ ఒక చెవి మీదిది పక్కకి జరిపింది.

"ఫ్యాను తీసేశారా?"

"లేదండీ, తిరుగుతోంది."

ఆవిడ కిందకి వంగి, పెట్టె సందులోంచి చూసి, తల పంకించి మళ్ళీ పెట్టుకుంది. ఇంకాసేపటికి కనుబొమ్మలు ముడిపడ్డాయి. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది.

"ఇరవై రెండో నిమిషంలో 'చచ్చింది ముండ మేక!' అన్నదెవరు? పుస్తకంలో లేదే?"

అందరూ అత్తగారి వైపు తిరిగారు.

"తుఫానులో అది దీపస్తంభం మెట్లెక్కుతుంటే మరేమంటాను?" అంది అత్తగారు. "నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంతకీ చచ్చిందా, బతికిందా?"

"నాకేం తెలుసు? అధ్యాయం అక్కడితోనే అయిపోయింది, నేను విన్నదీ అక్కడిదాకానే" అంది వినే ఆవిడ. తర్వాత హెడ్‌ఫోన్లు చుట్టి సంచీలో పెట్టుకుంటూ కోడలితో, "ఆ ఒక్క పేజీ మళ్ళీ చదివి సోమవారానికి పంపమ్మా. మిగతాదంతా ఉంచుతాం. ఇదివరకు నువ్వు ఇలా చదవలేదు. పుస్తకం నీదే" అంది.

ఆవిడ వీధి దాటకముందే కోడలు ఆ పేజీ, దాని తర్వాతి అధ్యాయం చదవడానికి మైకు ముందు కూర్చుంది. అత్తగారిని బయట ఉండమంటే ససేమిరా అంది. మేక సంగతి తేలేదాకా కదలనంది. చివరికి నోటినిండా నీళ్ళు పట్టుకుని కూర్చోడానికి ఒప్పుకుంది. మామగారు కొలగ్లాసు తెచ్చి, ఆవిడ నోట్లో ఎంత పడితే మాట బయటికి రాదో చూసి, డెబ్బై మిల్లీలీటర్లని తేల్చి, కాగితం మీద రాసుకున్నారు. ముద్ర మాత్రం వేయలేదు. తలుపు కింద తువ్వాలు కుక్కారు. అత్తగారు బుగ్గలు ఉబ్బించుకుని కళ్ళు పెద్దవి చేసింది. కోడలు పేజీ తిప్పి, తుఫాను మొదలుపెట్టింది.