తొట్టి పొర్లిన నీళ్ళు

ఇలా దగ్గరికి జరుగు బంగారం, అంత దూరాన కూర్చుంటే నా గొంతు నీకు అందదు. మీ తాతయ్య వాళ్ళ నాన్న, అంటే మా మామయ్య, పడవలు కట్టే మేస్త్రీ అని వినే ఉంటావు. ఆయన ఒక అంకె చెరిపేసిన రోజు సంగతి మాత్రం నీకెవరూ చెప్పి ఉండరు.

ముప్పై ఏళ్ళు సముద్రం పడవలే కట్టాడాయన. పడవ ఎంత బరువు మోస్తుందో తొట్టిలో తేల్చేవాడు. ముందు మూడడుగుల చెక్క నమూనా చేసేవాడు. నమూనాలో అంగుళమంటే పడవలో అడుగు. తొట్టి అంచుదాకా నీళ్ళు నింపి, నమూనాని దాని మీద గీసిన గీత దాకా నొక్కి పట్టేవాడు. కింది పళ్ళెంలోకి పొర్లిన నీళ్ళని నేను తూచేదాన్ని. ఆ బరువుని పొడవుకొక పన్నెండు, వెడల్పుకొక పన్నెండు, లోతుకొక పన్నెండు పెట్టి హెచ్చవేస్తే, పడవా మనుషులూ కలిపి ఎంత బరువుండొచ్చో తేలుతుంది. నాకు చదువు అబ్బలేదు గానీ ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ ఏడు మొదటిసారి ఏరు దాటించే పడవ కట్టాడు. లెక్క చూసి, పడవ పక్కన "48 మంది" అని తెల్లరంగుతో రాశాడు. మర్నాడే మొదటి ప్రయాణం. నేను తొట్టి కడగబోతే, ఎండకి ఆరిన అంచు గరగరలాడింది. వేలికంటిన తెల్లపొడి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

పడవలు కట్టే షెడ్డు వెనకే సముద్రం. అలవాటు కొద్దీ అక్కడి నీళ్ళే తోడుకొచ్చాడు మామయ్య. ఉప్పునీళ్ళు ఎక్కువ బరువు మోస్తాయి, ఏటి నీళ్ళు అంత మోయవు.

"మామయ్యా, ఈ పడవ తిరిగేది మంచినీళ్ళలో కదా?"

"ఓహో! కోడలుగారు మేస్త్రీ అయిపోయారు, మామకి పాఠాలు చెప్తున్నారు!" అంది అత్తయ్య లోపల్నుంచి.

మామయ్య నవ్వలేదు. చేతిలో కుంచె కింద పెట్టేశాడు. "మంచినీళ్ళు తోడమ్మా."

మూడుసార్లు తూచాం. ప్రతిసారీ ఉప్పునీళ్ళ తూకం కన్నా చిన్న గ్లాసుడు నీళ్ళంత బరువు తగ్గింది. నమూనాకి గ్లాసుడే. పడవకి హెచ్చవేస్తే రెండొందల కిలోలు దాటింది.

"ముగ్గురు మనుషులు," అన్నాడు మామయ్య.

పొద్దున్నే రేవుకి వెళ్ళి పడవ యజమానితో చెప్పాడు.

"ముగ్గురేగా మేస్త్రీ! నలభై ఎనిమిది మందికీ మాటిచ్చేశాను. సన్నటివాళ్ళని చూసి ఎక్కిద్దాంలే."

"సరే ఎక్కించు. నడి ఏట్లో గాలి లేచినప్పుడు, పోవాల్సిన ముగ్గురూ ఎవరో నువ్వే ఎంచు."

యజమాని మొహం మాడిపోయింది. "ఇంత పేరున్నవాడివి, జనం నవ్విపోతారయ్యా."

"తప్పు నాది. నవ్వనీ."

అందరూ చూస్తుండగా ఎనిమిదిని గోకేసి ఐదు రాశాడు. ఆఖర్న ఎక్కిన ముగ్గురిని దింపారు. వాళ్ళలో ఒకావిడ తిట్టిన తిట్లు ఇప్పుడు నీకు చెప్పను. ఆయన తలొంచుకుని విన్నాడు.

మిగిలిన నలభై ఐదుగురూ సర్దుకుని కూర్చున్నాక నీళ్ళు సరిగ్గా పడవ మీది గీతని తాకి ఆగాయి. ఏటి మధ్యలో గాలి కొట్టింది, పడవ ఊగింది, నీళ్ళు అంచుదాకా లేచాయి. లోపలికి మాత్రం రాలేదు. పడవ అవతలి ఒడ్డు చేరేదాకా మామయ్య ఇవతల రేవులో ఆ ముగ్గురి పక్కనే నిలబడ్డాడు. తిట్టినావిడే ఆయన చెయ్యి పట్టుకుంది.

మొత్తం చెప్పేశాను. నీకు పిల్లలు పుట్టాక వాళ్ళకీ చెప్పు నాన్నా. ఎక్కడైనా మరిచిపోతే, ఆయన తలొంచుకుని నిలబడ్డ ముక్క మాత్రం వదలకు.