ఆయన కలిపి ఇచ్చిన కాఫీ

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో మొదటిసారి మొగుడు కాఫీ కలిపి మంచం దగ్గరికి తెచ్చిస్తే, కాస్త చేదుగా ఉందని ఏ ఆడది పేచీ పెడుతుంది? ఆమె పెట్టలేదు. వంటింట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో కూడా ఎరగని మనిషి తనకంటే ముందు లేచి, స్టవ్ వెలిగించి, వేడి గ్లాసు రుమాలుతో పట్టుకొచ్చి, “లే బొద్దూ, ఇది తాగి బూట్లేసుకో. నడకకి పోదాం” అంటుంటే ఆమెకి కళ్లు చెమర్చాయి. స్నానం చేసి దేవుడి ముందు నిలబడ్డాక రోజూ అడిగేవన్నీ పక్కన పెట్టి, “ఆలస్యమైతేనేం స్వామీ, మనసు మార్చావు” అని దణ్ణం పెట్టుకుంది.

“అదృష్టవంతురాలివమ్మాయ్” అంది అత్తగారు పక్క గదిలోంచి. “మీ మావగారు బతికున్నన్నాళ్లూ నాకు మంచినీళ్లు అందించిన పాపాన పోలేదు.”

అసలీ నడక మొదలవడానికి కారణం ఆయన ఆఫీసు వాళ్ల విందు. కొత్తగా చేరిన అమ్మాయి ఆమెని చూసి, “మీ అమ్మగారా సార్?” అని అడిగింది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. దారిలో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం ఆమెకి బూట్లు కొనుక్కొచ్చాడు. “నీ ఆరోగ్యం కోసమే” అన్నాడు. నిజమేననుకుంది. ఇద్దరు పిల్లల్ని కని పెంచి, అత్తగారి మోకాళ్లకి నూనె రాసి, పగలంతా బట్టల దుకాణంలో నిలబడి మడతలు విప్పి మళ్లీ మడతలు పెట్టే మనిషి ఒళ్లు గురించి ఇంకొకరు ఆలోచించడమే గొప్ప కదా అనుకుంది. పార్కులో ఆయన ముందు నడిచేవాడు, ఆమె వెనక. ఎవరైనా తెలిసినవాళ్లు ఎదురైతే ఆ దూరం ఇంకాస్త పెరిగేది.

కొన్ని వారాలకి గుండె తేడా చేసింది. నడుస్తున్నంతసేపూ బాగానే ఉండేది. ఆగి బెంచీ మీద కూర్చోగానే లోపల ఏదో దభీమని దూకి, ఒక క్షణం ఏమీ లేనట్టయిపోయి, మళ్లీ ఉరుకులు పరుగులు పెట్టేది. చెబితే ఆయన, “కంగారు మనిషివి. అలవాటు లేక అలా ఉంది” అన్నాడు. దుకాణంలో ఒకరోజు గుండె చేత్తో పట్టుకుని కౌంటరుకి ఆనుకుంటే యజమాని, “కూర్చోకమ్మా, చూసినవాళ్లు మనకి బేరాల్లేవనుకుంటారు” అన్నాడు. ఆ సాయంత్రమే పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆయన కూడా వచ్చాడు.

“వ్యాయామం తర్వాత గుండె లయ తప్పడానికి కారణాలు చాలా ఉంటాయమ్మా” అంది డాక్టరమ్మ. “ఒంట్లో నీళ్లు చాలకపోవచ్చు, రక్తం తక్కువ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. నిద్ర లేకపోయినా, కాఫీ ఎక్కువైనా వస్తుంది. ఒక్కోసారి గుండెలోనే లోపం ఉంటుంది. జలుబు మాత్రలు, బరువు తగ్గే పొడులు లాంటివేమైనా వాడుతున్నారా?”

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. “అబ్బే, మా ఆవిడకి అంత శ్రద్ధ కూడానా డాక్టర్ గారూ!”

ఆమె కూడా నవ్వింది. మొగుడు నలుగురిలో తన మీద జోకు వేస్తే ముందు తానే నవ్వేయడం ఆమెకి ఎప్పటినుంచో అలవాటు.

రక్తంలో తేడా ఏమీ లేదన్నారు. కాఫీ మానేయమన్నారు. మానేసింది. మర్నాటి నుంచి ఆయన నిమ్మరసం తెచ్చివ్వడం మొదలుపెట్టాడు. ఇంత ప్రేమ ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నాడో అని మురిసిపోయింది. గుండె మాత్రం కుదుటపడలేదు. ఆస్పత్రిలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశాక డాక్టరమ్మ మొహం గంభీరమైంది. గజ్జల దగ్గర నుంచి సన్నటి తీగ గుండెలోకి పంపి చూడాలంది. ఆ రాత్రి ఆమె తన బంగారు గాజులు కూతురికీ, దేవుడి మందిరం కొడుకుకీ అని మనసులోనే పంచేసుకుంది.

ఆస్పత్రిలో చేరాల్సిన రోజుకి ముందటి ఉదయం మెలకువ త్వరగా వచ్చింది. ఇవాళ నాకేమీ వద్దని చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. ఆయన గడ్డం గీసుకునే సంచీ గట్టు మీద ఉంది. అందులోంచి తీసిన పొట్లం చింపి, గోధుమరంగు పొడి నిమ్మరసంలో వేసి, చెంచాతో చప్పుడు కాకుండా తిప్పుతున్నాడు.

“ఏంటండీ అది?”

చెంచా కింద పడింది. “ఏం లేదు. ఒళ్లు తగ్గడానికి. నీ మంచికే.”

“కాఫీలో కూడా ఇదేనా?”

ఆయన వంగి చెంచా తీశాడు.

“డాక్టరమ్మ అడిగింది కదండీ! రేపు నా గుండెలోకి తీగ పంపుతారని తెలిసి కూడా...”

“మధ్యలో మానేస్తే ఫలితం ఉండదన్నాడు అమ్మినవాడు. ఇంక నాలుగు పొట్లాలే ఉన్నాయి.”

ఆమె ఆ మొహంకేసి చూసింది. అందులో దుర్మార్గం లేదు. కొన్న వస్తువు వృథా అవుతుందనే బెంగ తప్ప ఇంకేమీ లేదు. అది చూశాకే ఆమె వెనక్కి తిరిగింది.

దేవుడి ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ ఈ గ్లాసు తాగి వచ్చి నీకు దణ్ణం పెట్టాను. నీకు తెలియదా? తెలిసీ ఆపలేదేం? కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. గుండె తడబడేలా చేసి చెప్పింది నువ్వేనా? ఆమె లేచి, వంటింట్లో మిగిలిన చింపని పొట్లాలు తన చేతిసంచీలో వేసుకుంది.

ఆ పూటే కారులో ఆస్పత్రికి వెళ్తుంటే ఆయన బతిమాలాడు. “నేనే కొనుక్కుని తాగానని చెప్పు. ఒక్క మాటతో పోయేదానికి నా పరువు తీయకు. పిల్లలకి తెలిస్తే ఏం బాగుంటుంది?” ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయన లెక్క. ఇన్నేళ్లూ ఆ లెక్క తప్పలేదు మరి.

డాక్టరమ్మ గదిలో కూర్చోగానే ఆయనే మొదలుపెట్టాడు. “డాక్టర్ గారూ, మా ఆవిడ చిన్న పొరపాటు చేసింది. నాకు తెలియకుండా ఏదో పొడి...”

ఆమె సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టిన పొట్లం వెనక అచ్చయినది చదివి డాక్టరమ్మ భృకుటి ముడిచింది. “ఏంటమ్మా ఇది? గుండెని పరిగెత్తించే మందులు ఇలాంటి పొడుల్లోనే కలుపుతారు. దీంతో నడకకి వెళ్తే ఇంకేమైనా ఉందా? లేని జబ్బుకి తీగ వేయించుకునేవారు. మొదటి రోజే అడిగాను కదా, ఎందుకు దాచారు?”

ఆయన తల వంచుకుని, పెళ్లాం తప్పుకి సిగ్గుపడుతున్న మొగుడిలా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఆమె చూసింది. పొడి కలిపినందుకు ఎప్పటికైనా క్షమించేదేమో.

“నేను దాచలేదమ్మా” అంది. “ఈయన నాకు తెలియకుండా కలిపి తాగించాడు. మీరడిగిన రోజు లేదని చెప్పింది కూడా ఈయనే. ఇక నుంచి నా ఒంటి సంగతి నన్నే అడగండి. ముందు ఈయన్ని బయట కూర్చోమనండి.”