నాలుగో గీత

గౌతమి నర్సీపట్నంలో ఇంటి నుంచే పనిచేస్తుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రుల సంస్థకు డయాలసిస్ బుకింగ్ వెబ్‌సైట్ చూసుకోవడం ఆమె ఉద్యోగం. పేజీ తెరుచుకోవడం లేదని రోగులు నెలగా ఫిర్యాదు చేస్తున్నారు. మేనేజరు అనంతకృష్ణ మాత్రం, "పేజీ రావడానికి సగటున అర సెకను కూడా పట్టడం లేదు కదమ్మా, వాళ్ల నెట్ బాగోదేమో" అంటూ వచ్చాడు.

ఆ సగటు మీద గౌతమికి నమ్మకం లేదు. సర్వర్‌లో ఒకే ప్రోగ్రామ్ ఎనిమిది నకళ్లుగా, అంటే ఎనిమిది ప్రాసెస్‌లుగా నడుస్తూ వచ్చేవాళ్ల పని పంచుకుంటుంది. ఎంత సమయం పడుతోందని అడిగితే, ఆ క్షణాన పలికిన ప్రాసెస్ తన సంగతి ఒక్కటే చెబుతుంది. అందుకే ఎనిమిదింటి కొలతలూ ఒకేచోట చేరేలా మార్చి, ఒక్కోదానికి ఒక్కో గీత వచ్చేలా గ్రాఫ్ తయారుచేసింది.

సోమవారం పొద్దున పదింటికి ఆ వారం డయాలసిస్ స్లాట్లు తెరిచారు. ఏడు గీతలు అడుగునే పాకుతున్నాయి. నాలుగోది నిట్టనిలువుగా లేచింది.

అప్పుడే కింది వాటాలో ఉండే సింహాద్రమ్మ ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆమె భర్త దేవుళ్లుకు వారానికి రెండుసార్లు డయాలసిస్.

"ఇది తిరగతానే ఉందమ్మా. ఏటి సెయ్యాల? రేపు దొరక్కపోతే ఆయనకి ఆయాసం వచ్చెత్తాది."

గౌతమి వెతికి చూసింది. ఆమె ఫోను నాలుగో ప్రాసెస్‌కే తగులుకుని ఉంది. ఆ ఒక్కదాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే చాలు. కానీ ఆ అనుమతి సర్వర్లు నడిపే వేరే కంపెనీది. గ్రాఫ్ పంపి అనంతకృష్ణకు ఫోన్ చేసింది.

"కనిపిస్తోందమ్మా." అతని గొంతు తగ్గింది. "వాళ్లకి చెప్పాను. నాలుగు గంటల్లో చూస్తామన్నారు."

"స్లాట్లు ఇరవై నిమిషాల్లో అయిపోతాయి సార్."

"నా చేతిలోనూ లేదు గౌతమీ."

గౌతమి వేరే ప్రాసెస్‌కు తగిలేలా తన లాప్‌టాప్‌లో బుకింగ్ పేజీని కొత్తగా తెరిచి, సింహాద్రమ్మ నంబరు కొట్టింది. "నీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది, బేగి చెప్పు పిన్నీ."

పేజీ వెంటనే వచ్చింది. మంగళవారం నిండిపోయింది. బుధ, గురువారాలూ అంతే. శుక్రవారం ఒకటి మిగిలింది.

"అందాకా ఆగలేడమ్మా" అంది సింహాద్రమ్మ. తెర మీద పక్కనే ఉన్న గ్రాఫ్‌కేసి చూసింది. "ఆ పైకెళ్లిపోయిన గీత మాదేనా?"

"మీలా ఇంకా చాలామందిది పిన్నీ."

మధ్యాహ్నం రెండింటికి నాలుగో గీత దిగింది. సమస్య తీరిందని మెయిలు వచ్చింది. ఆ పూట పేజీ తెరుచుకోక స్లాటు దొరకనివాళ్లు నూట తొంభై మంది. వాళ్లకు ఫోన్లు చేద్దామని గౌతమి అడిగింది.

"చేసి ఏం చెబుదామమ్మా?" అన్నాడు అనంతకృష్ణ.

మర్నాడు పొద్దున్నే, అక్కడి ఆసుపత్రిలోనైనా డయాలసిస్ దొరుకుతుందేమోనని, దేవుళ్లును విశాఖపట్నం బస్సెక్కించారు. గౌతమి సంచీ మోసుకుంటూ స్టాండు దాకా వెళ్లింది. అతను కిటికీ పక్కన కూర్చుని, మాట్లాడే ఓపిక లేక, చెయ్యి మాత్రం కొంచెం ఎత్తాడు.