కడిగిన తుప్పు

ఏ ఇంట్లోనైనా కడగనందుకు కోడలు మాటపడుతుంది. ఈ ఇంట్లో కడిగినందుకే కొంప మునిగింది.

కంటిశుక్లం ఆపరేషన్‌కి వెళ్తూ మామగారు మేడమీది గది తాళంచెవి కోడలి చేతిలో పెట్టారు. "దుమ్ము పడకుండా చూడమ్మాయ్" అన్నారు. సొంత కొడుకునే గడప దాటనివ్వని మనిషి! గదిలో పెద్ద బల్ల నిండా పట్టాలు, సిగ్నళ్లు, అరచేతిలో పట్టే బొమ్మ గూడ్సు వ్యాగన్లు. అన్నీ తుప్పు, మురికి. ఆ నమ్మకం నిలబెట్టుకోవాలని ఆమె వాటిని సబ్బునీళ్లలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో తళతళా తోమేసింది. ఒక్క ఆయిల్ ట్యాంకరు మిగిలిందనగా భర్త ఫోను.

"నాన్నకి కట్టు విప్పేశారు. మధ్యాహ్నం దాటాక వచ్చేస్తాం. ఏం చేస్తున్నావ్?"

"వ్యాగన్లు కడుగుతున్నా. ఎంత తుప్పనుకున్నావ్!"



"ఓ మహాతల్లీ, ప్లాస్టిక్‌కి తుప్పెక్కడ పడుతుంది?" గొంతు తగ్గించాడు. "అసలు బళ్లలా కనబడాలని నాన్న వేసిన రంగు అది. రెండేళ్లు భూతద్దం పెట్టుకుని వేశాడు. పైన వార్నిష్ కూడా పడలేదింకా!"

ఏడుస్తూ కూర్చుంటే పనవుతుందా? కుర్రవాళ్లను ముసలివాళ్లుగా మార్చడం నాటక కంపెనీలో ఆమె ఉద్యోగం. మేకప్ పెట్టె తెచ్చింది.

మిగిలిన ట్యాంకరు చూసి వేద్దామంటే, దాని మీది ఎరుపు ఆ పెట్టెలో లేదు. రోజూ రైలుగేటు దగ్గర ఆగి చూసే గూడ్సుబళ్లనే గుర్తు చేసుకుంది. తలుపు అంచుల్లో గోధుమరంగు పొడి, వాన కారిన చోట నల్లటి చార, చక్రాల పైన బూడిదరంగు. చివరి వ్యాగన్ ఆరుతుండగానే కింద కారు ఆగింది.

మామగారు మేడమీదికొచ్చి నల్లకళ్లద్దాలు తీశారు. ఒక వ్యాగన్ కంటి దగ్గర పెట్టుకున్నారు.

"అబ్బ! నా పనితనం ఇంత బాగుంటుందని నాకే తెలీదురా!"

వెనక గుమ్మంలోంచి భర్త నోటిమీద వేలుంచి సైగ చేశాడు. గండం గడిచినట్టే. అంతలో ట్యాంకరు ఆయన చేతికొచ్చింది.

"ఇదేంటి, మిరపకారంలో పొర్లినట్టుంది? దీన్నెవరు పాడుచేశారు?"

"నేనే నాన్నా," గుమ్మంలోంచే అందుకున్నాడు భర్త. "చెయ్యి తగిలి..."

ఊరుకుంటే సరిపోయేది. ఆమె వల్ల కాలేదు.

"అదొక్కటే మీరు వేసింది మామయ్యగారూ. మిగతావి నేను కడిగేశాను. మళ్లీ నా మేకప్ పొడులతో వేశాను. తప్పయిపోయింది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ట్యాంకరును ఆ కంటితో ఒకసారి, ఈ కంటితో ఒకసారి చూశారు. కొత్త కంటికి ఎరుపు. శుక్లం ఉన్న రెండో కంటికి అదే ట్యాంకరు తుప్పులా గోధుమరంగు.

"రెండేళ్లుగా ఇలా వేస్తుంటే ఒక్కడూ చెప్పలేదేరా?"

"నువ్వు గదిలోకి రానిస్తేగా!" అన్నాడు కొడుకు.

ఆయన ట్యాంకరు పట్టుకుని కోడలి వైపు తిరిగారు.

"అమ్మాయ్, సబ్బునీళ్లు పారబోశావా?"

"లేదండీ."

"అయితే దీన్నీ ముంచు. తుప్పు ఎలా పట్టిస్తావో చూస్తాను."

"కంట్లో నీళ్లు పడకూడదు, మీరు దూరంగా కూర్చోండి."

"దూరంగా కూర్చునే కదా ఇన్నాళ్లూ ఇలా అఘోరించింది! ఒరేయ్, గుమ్మంలో నిలబడ్డావేం? లోపలికొచ్చి ఈ కుర్చీ బల్ల దగ్గరికి జరుపు."