టాండీ నోట్లోంచి వచ్చిన పిట్ట

కెంటకీలో నది ఒడ్డున తాళ్ళ కార్ఖానా నడిపే ఎనోక్ టాండీ, పొద్దున్నే ముఖమైనా కడుక్కోకముందే చేసే పని ఒకటుంది. కిటికీ తెరిచి, అవతలి ఒడ్డున గిడియన్ ప్రూయిట్ పిండిమిల్లు పొగగొట్టం వంక చూడటం. పొగ వస్తుంటే ఆ పూట కాఫీ చేదు. రాకపోతే, మిల్లు ఎందుకాగిందో తెలిసేదాకా ఆ కాఫీ గొంతే దిగదు.

"అక్కడేం కనిపిస్తుందండీ రోజూ?" అనేది భార్య పెర్మీలియా.

"గాలెటు వీస్తోందో చూస్తున్నానే."

"పెళ్ళైనప్పట్నుంచీ అటే వీస్తోంది లెండి."

ఎనోక్, గిడియన్ ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు. ఆ తర్వాత మాత్రం అన్నిటికీ గిడియనే ముందు. వంతెన వేయించింది గిడియన్, బ్యాంకు పెట్టింది గిడియన్. ఎనోక్ చర్చికి గంట ఇప్పిస్తే గిడియన్ ఏకంగా గోపురమే కట్టించాడు. ఎనోక్ గంట పోయిపోయి దాంట్లోనే వేలాడింది. ఇప్పుడు రాష్ట్ర సెనేటుకి ఇద్దరూ పోటీ. ఈ ఒక్కసారి వాణ్ణి ఓడిస్తే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు ఎనోక్.

ఆగస్టు తొలి సోమవారం కోర్టు మెట్ల దగ్గర ఓట్లు. చీటీలూ పెట్టెలూ ఏవీ ఉండవు. ఒక్కొక్కరే వచ్చి, కావలసినవాడి పేరు పదిమందీ వినేలా చెప్పాలి. చెప్పగానే నోట్లోంచి ఓ పిట్ట వచ్చి ఆ అభ్యర్థి భుజం మీద వాలుతుంది. అభ్యర్థి లేచి, టోపీ తీసి, "మేలు మరవను" అంటాడు. చిట్టచివర పోటీదార్లిద్దరూ ఒకరికొకరు ఓటేసుకోవాలి. అది పెద్దమనుషుల మర్యాద.

సాయంత్రానికి గిడియన్ భుజాల మీద ఒక్క పిట్ట ఎక్కువ. అతను లేచి, "ఎనోక్ టాండీ" అన్నాడు. పిచ్చుకంత పిట్ట వచ్చి ఎనోక్ మీద వాలింది. సరిసమానం.

ఇక మిగిలింది ఎనోక్ నోరు. మర్యాద పాటిస్తే ఓటమి, తప్పితే గెలుపు.

"చెప్పవయ్యా, అవతల పులుసు చల్లారిపోతోంది," అన్నాడు ఓటర్ల విందుకి వంట చేస్తున్న కమ్మరి జెత్రో, గరిటె పట్టుకుని.

ఎనోక్ చొక్కా సర్దుకుని, "ఎనోక్ టాండీ" అన్నాడు.

"సిగ్గులేకపోతే సరి," అన్నారెవరో.

ఎనోక్‌కి పొలమారింది. దగ్గాడు. దగ్గి దగ్గి, కళ్ళు తేలేశాక బయటికొచ్చింది సీమకోడంత పక్షి, పొగ రంగు రెక్కలతో. ఎనోక్ వైపు తిరిగైనా చూడకుండా వెళ్ళి గిడియన్ భుజం మీద కూర్చుంది. ఆ బరువుకి అతని భుజం ఓ పక్కకి ఒరిగిపోయింది.

"పిట్ట వాలిన చోటే ఓటు," అని షెరీఫు రాసేసుకున్నాడు.

"లోపల చాన్నాళ్ళు మేపాడు మరి," అని జెత్రో పులుసు వడ్డించడంలో పడ్డాడు.

గిడియన్ టోపీ తీశాడు. కళ్ళు చెమర్చాయి. "ఒరే ఎనోక్, నేనంటే నీకింత ఇదని తెలీదురా."

ఎనోక్ ఇంటిదారి పట్టాడు. కసితీరా తిట్టుకుందామని నోరు తెరిచాడు. తిట్లన్నీ వరసగా వచ్చాయి గానీ, తిట్టాల్సినవాడి పేరే రాలేదు. గొంతు ఖాళీగా, హాయిగా ఉంది.

"ఏమే, అవతలి ఒడ్డు మిల్లాయన పేరేంటి?" అని అడిగాడు గుమ్మంలోంచే.

పెర్మీలియా చేతిలో పని ఆపి, మొగుడి ముఖంలోకి కాసేపు చూసింది.

"ఏమో, నాకూ గుర్తులేదు. రండి, భోంచేద్దురు గాని," అంది.